అక్షింతల బటన్

నా బుర్రని మళ్ళీ మొలిపించిన మహానుభావుల్లో మా ఆడపడుచు తోడికోడలి అన్నగారు కూడా ఉన్నారు. అంతకుముందు ఆయన్ని నేనెప్పుడూ చూడలేదు. ఒక ఆదివారం వచ్చి, బత్తాయిల సంచీ మంచం కింద పెట్టి, నా ఎదురుగా కుర్చీలో కూర్చుని, "బాగుందమ్మా, మొహంలో కళ తిరిగింది" అని, బటన్ ఒకసారి నొక్కి, కాఫీ తాగి వెళ్ళిపోయారు. ఆ నొక్కుడికి నా మెదడులో ఏది బలపడిందో ఆయనకి తెలియదు. నాకు తెలుసు. ఆ క్షణాన నేను ఆయన చెవుల్లో గుబురుగా మొలిచిన వెంట్రుకలు చూసి ఈసడించుకుంటున్నాను.

నా పేరు వకుళ. కాకినాడ పక్కన రొయ్యల ఫ్యాక్టరీలో సరుకు నాణ్యత చూసే ఉద్యోగం నాది. చెరువుల నుంచి వచ్చిన ట్రేలో చెయ్యి పెట్టి, ఒక రొయ్యని తీసి, విరిచి, వాసన చూసి, పనికొస్తుందో లేదో చెప్పాలి. ఏళ్ళ తరబడి నేను రోజంతా అన్న మాట ఒక్కటే. వద్దు. ఆ మాట అనడానికే నాకు జీతం ఇచ్చేవారు. లారీలకి లారీలు వెనక్కి తిప్పాను. యజమాని బావమరిది సరుకు కూడా తిప్పాను. నేను షెడ్డులోకి వస్తుంటే వ్యాపారులు సిగరెట్లు ఆర్పేవారు. కఠినంగా ఉండేదాన్ని గానీ, అప్పట్లో నాకు మనుషులంటే ఇంత చులకన ఉండేది కాదు. ఇది తర్వాత వచ్చింది. ఎలా వచ్చిందో చెప్పడానికే ఇదంతా ఎడమచేత్తో ఫోన్‌లో ఒక్కో అక్షరం కొడుతున్నాను.

ప్రమాదం జరిగిన రోజు మా ఆయన గోవర్ధన్ హెల్మెట్ పెట్టుకున్నారు. ఇంట్లో రెండు ఉన్నాయి. రెండోది తీసుకురానా అంటే, "వెనకాల కూర్చున్నవాళ్ళని ఎవడాపుతాడే" అన్నారు. సామర్లకోట రోడ్డు మీద ఇసుక లారీ ఒకటి మా బండిని రాసుకుంటూ పోయింది. ఆయన మోచెయ్యి గీరుకుంది. నా తల రోడ్డుకి కొట్టుకుంది. ఇప్పటికీ ఎవరైనా అడిగితే ఆయన, "దేవుడు మమ్మల్ని కాపాడేడండీ" అంటారు. ఆ "మమ్మల్ని"లో నేనెక్కడున్నానో ఆయన ఎప్పుడూ చెప్పలేదు.

నేను కళ్ళు తెరిచేసరికి కుడిచెయ్యి లేదు, కుడికాలు లేదు, మాట లేదు. చెయ్యీ కాలూ ఉన్నచోటే ఉన్నాయి గానీ నా మాట వినడం మానేశాయి. మాటలు కూడా అంతే. తలలో ఉన్నాయి, గొంతులోకి దిగవు. అలాంటి స్థితిలో నన్ను విశాఖపట్నంలో డాక్టర్ శేషశయనంగారి పరిశోధనశాలకి మోసుకెళ్ళారు. ఆయన కనిపెట్టిన చికిత్స పేరు చిగురు. మనుషుల మీద చేయడం అప్పుడే మొదలుపెట్టారు. నేను ఆ మొదటి జట్టులో ఒకదాన్ని.

యంత్రం ముందు నన్ను చక్రాల కుర్చీలో కూర్చోబెట్టారు. కోటి విద్యలు తెలిసిన ఆ డాక్టరుగారు ముందుగా యంత్రానికి గంధం రాసి, కుంకుమబొట్టు పెట్టి, దాని నాలుగు కాళ్ళ కింద నాలుగు నిమ్మకాయలు పెట్టించి, కొబ్బరికాయ కొట్టారు. తర్వాత చేతులు తుడుచుకుని మా వాళ్ళకి సైన్సు చెప్పారు.

"పుర్రె కింద సన్నటి వల ఒకటి పెడతామండీ. దాంతోపాటు మందు ఎక్కిస్తాం. దెబ్బ తగిలినచోట కొత్త చిగుళ్ళు పుట్టుకొస్తాయి. కావలసినవీ వస్తాయి, అక్కర్లేనివీ వస్తాయి. ఏది ఉంచాలో వలకి తెలియదు కదండీ, మీరే చెప్పాలి." ఆయన వేలెడంత డబ్బీ ఒకటి బల్ల మీద పెట్టారు. దాని మీద ఆకుపచ్చ బటన్. "ఆవిడ ఏదైనా మాట అన్నప్పుడో, పని చేసినప్పుడో, ఇది అచ్చం మా మనిషే అనిపిస్తే ఇది నొక్కండి. ఆ క్షణంలో ఏ చిగుళ్ళు పనిచేస్తున్నాయో అవి నిలుస్తాయి. నొక్కనివి ఎండిపోతాయి. ఆరు నెలలయ్యాక ముద్ర మందు వేస్తాం. ఇక అది శాశ్వతం."

"ఎవరు నొక్కాలండీ?" అన్నారు మా ఆయన.

"ఆవిడ గురించి బాగా తెలిసినవాళ్ళు."

పదో తరగతి చదువుతున్న మా అమ్మాయి తన్మయి, "నేను నొక్కుతాను. రోజూ అమ్మతో పోట్లాడేది నేనే" అంది. అందరూ నవ్వారు. నాతో పోట్లాడేవాళ్ళకే నా గురించి తెలుస్తుందన్న ఆలోచన ఆ నవ్విన బుర్రల్లో ఒక్కదానికీ రాలేదు. దెబ్బ తగిలింది నా ఒక్కదాని తలకే అని మళ్ళీ పేరు.

"చిన్నపిల్లవి, నీకెందుకే" అని మా ఆయన ఆ డబ్బీ తీసి రెండు చేతులతో వాళ్ళమ్మకి అందించారు. మా అత్తగారు మాణిక్యాంబ దాన్ని కళ్ళకద్దుకుని బొడ్లో దోపుకుంది. నన్ను బాగా ఎరిగినవాళ్ళెవరని డాక్టరు అడిగితే, ఇంట్లో పెద్ద ఎవరని వీళ్ళు జవాబు చెప్పారు. డాక్టరుగారు కూడా పెద్దావిడే సరైన మనిషని తలూపారు. అంత చదువుకున్నవాడికి ఆ రెండు ప్రశ్నలూ ఒకటే అయ్యాయి.

ఇంటికి వచ్చిన కొన్నాళ్ళకే మాటలు మొలవడం మొదలైంది. మొట్టమొదట మొలిచిన మాట ఏమిటో నాకు బాగా గుర్తు. అత్తయ్య రాగిజావ గ్లాసు మూతి దగ్గర పెట్టింది. అందులో ఉప్పు ఎక్కువైంది. నేను "వద్దు" అన్నాను. గొంతు బొంగురుగా, స్పష్టంగా వచ్చింది. తన్మయి ఎగిరి గంతేసి, "మామ్మా, నొక్కు, నొక్కు. అదే అమ్మ" అంది.

అత్తయ్య నొక్కలేదు. "కష్టపడి కాచిపెడితే వద్దంటుందా. మంచి మాట రానీ, నొక్కుతాను" అంది.

మర్నాడు కూడా అన్నాను. నొక్కలేదు. నాలుగోసారికి ఆ మాట సగమే వచ్చింది. తర్వాత రాలేదు. మెదడులో అది ఎండిపోవడం నాకు తెలుస్తూనే ఉంది. నోట్లో ఉన్న పన్ను ఊడినచోట నాలుక తడుముకున్నట్టు ఆ చోటుని తడుముకునేదాన్ని. ఆ వారంలోనే ఒక సాయంత్రం, అలసిపోయి, ఆవిడ ఏదో అడిగితే "ఆయ్" అన్నాను. మా గోదావరి జిల్లాల్లో అంతకన్నా మర్యాదైన మాట లేదు. చిత్తం అన్నట్టు, అలాగే అన్నట్టు, మీరెంత చెబితే అంత అన్నట్టు. అత్తయ్య మొహం చేటంత అయింది. గుక్కతిప్పుకోకుండా బటన్ నొక్కింది. నొక్కి, నా తల నిమిరి, మళ్ళీ నొక్కింది.

అప్పటినుంచి నా మెదడు ఎటు ఎదగాలో నిర్ణయమైపోయింది.

ఇక చుట్టాలు. ఇంట్లో జబ్బుమనిషి ఉంటే చూడ్డానికి రావడం మర్యాద. వచ్చినవాళ్ళని ఉత్తచేతులతో పంపకపోవడం మా అత్తగారి మర్యాద. ఒకరోజు మా పెదమామగారు వచ్చి వెళ్ళబోతుంటే అత్తయ్య బొడ్లోంచి డబ్బీ తీసి, "బావగారూ, మీ చేత్తో ఒక నొక్కు నొక్కి వెళ్ళండి. పెద్దవారు, మీ దీవెన ఉంటే తొందరగా కోలుకుంటుంది" అంది. ఆయన చెప్పులు విడిచి, కళ్ళు మూసుకుని, బటన్ నొక్కాడు. పెళ్ళిలో అక్షింతలు వేసినట్టే.

అంతే, అది ఆచారమైపోయింది. వచ్చినవాళ్ళందరూ నొక్కేవారు. దంపతులు వస్తే ఇద్దరూ కలిసి ఒకరి వేలి మీద ఒకరు వేలు పెట్టి నొక్కేవారు. చంటిపిల్లల వేలు పట్టుకుని నొక్కించేవారు. ఒకావిడ బటన్‌కి బొట్టు కూడా పెట్టింది. నేను ఏం చేస్తుంటే నొక్కుతున్నారో ఒక్కరూ చూసుకోలేదు. వాళ్ళు వెళ్ళే ముందు నొక్కుతారు గనుక, ఆ సమయానికి నేను చేసేది ఒకటే, నవ్వుతూ సాగనంపడం. నవ్వు నిలిచింది. "మళ్ళీ రండి" నిలిచింది. "కాఫీ తాగుతారా అండీ" నిలిచింది. చెయ్యి కూడా మర్యాదల్లోనే తిరిగింది. కుడిచేత్తో నమస్కారం పెట్టడం వచ్చింది గానీ, రొయ్యని విరవడం రాలేదు. కాగితం మీద వద్దు అని రాయబోతే "అలాగే" అని పడింది. తల అడ్డంగా ఊపబోతే నిలువుగా ఊగింది.

డాక్టర్ శేషశయనం నెలకోసారి కాకినాడ వచ్చి నన్ను పరీక్షించేవారు. ఆయన పరీక్ష ఇలా ఉండేది.

"ఎలా ఉన్నారమ్మా?"

"బావుందండీ, నిద్ర పడుతుంది" అని అత్తయ్య చెప్పేది.

"తలనొప్పి ఉందా?"

"ఏం లేదండీ" అని మా ఆయన చెప్పేవారు.

"పూర్వంలాగే ఉన్నారా?"

"పూర్వంకంటే బాగుందండీ. ఎంత నెమ్మదో చెప్పలేను. మీ చెయ్యి చల్లని చెయ్యండి" అని అత్తయ్య కళ్ళొత్తుకునేది. పూర్వంకంటే బాగుంది అనేదానికి ఆయన దగ్గర గడి లేదట. పూర్వంలాగే ఉంది అన్న గడిలో నింపుకున్నారు. ఆయన లెక్క ప్రకారం మొదటి జట్టులో అందరికంటే బాగా కోలుకున్న మనిషిని నేనే.

నాలుగో నెలలో నాకొక సంగతి అర్థమైంది. నేను కోలుకున్నదంతా మర్యాద కాదు. బటన్ నొక్కిన క్షణంలో పనిచేస్తున్న చిగుళ్ళన్నీ నిలుస్తాయని కదా ఆ మహానుభావుడు చెప్పింది. అన్నీ అంటే అన్నీ. పైకి నేను నవ్వుతూ "ఆయ్ అండీ" అంటున్నప్పుడు లోపల ఊరికే లేను. ఎదురుగా ఉన్న మనిషి పాచిపళ్ళు, ఆవిడ మెళ్ళో గొలుసు నాకు కనబడేలా సర్దుకోవడం, ఈయన జాలి నటించడం, అన్నీ చూసి ఛీ అనుకుంటూనే ఉన్నాను. అనుకోక ఏం చేస్తాను, నోరు వాళ్ళు తీసుకున్నాక నాకు మిగిలింది అదొక్కటే. ప్రతి నొక్కుడూ నవ్వుకి ఎంత బలమిచ్చిందో దాని వెనకున్న ఈసడింపుకీ అంతే ఇచ్చింది. ఊళ్ళో చుట్టాలందరూ వచ్చి, చెప్పులు విడిచి, కళ్ళు మూసుకుని, భక్తిగా నా ఈసడింపుని పెంచిపోయారు. ఆరునెలల్లో అది నాలో అన్నిటికంటే ఏపుగా ఎదిగింది.

మొదట్లో సరదాగానే ఉండేది. ఖైదులో పడ్డవాడికి చుట్టలు దొరికినట్టు అదొక కాలక్షేపం.

రొయ్యల వ్యాపారి చిట్టిబాబు వచ్చిన రోజున ఆ సరదా సగం పోయింది. ఈ చిట్టిబాబు సరుకు నేను ఎన్నిసార్లు తిప్పికొట్టానో లెక్కలేదు. ఫ్యాక్టరీ మేనేజరుని వెంటబెట్టుకుని, ఐసు డబ్బాలో రొయ్యలు పట్టుకుని వచ్చాడు.

"మేడంగారు మళ్ళీ డ్యూటీలోకి వస్తారంటున్నారు కదండీ. చెయ్యి అలవాటు తప్పకూడదని తెచ్చేను. ఎలా ఉన్నాయో చూసి చెప్పండి."

డబ్బా మూత తీయగానే ముక్కుకి తెలిసిపోయింది. ఘాటు. రొయ్యల తలలు నల్లబడి ఉన్నాయి. వేలితో నొక్కితే వేలు దిగిపోయేంత మెత్తగా ఉన్నాయి. తిన్నవాడు ఆసుపత్రిలో పడతాడు. నా ముక్కు చెప్పవలసినదంతా చెప్పింది. నా నోరు, "ఆయ్, చాలా బాగున్నాయండీ" అంది.

మేనేజరు పొంగిపోయి, "ఇంతకు ముందుకంటే సహకారం పెరిగిందండీ మేడంలో" అన్నాడు. చిట్టిబాబు బటన్ అడిగి తీసుకుని మరీ నొక్కాడు. వాడొక్కడికి మాత్రమే తను దేన్ని నొక్కుతున్నాడో తెలుసు. అంతమంది పెద్దమనుషుల్లో ఆ దొంగవెధవ ఒక్కడే ఆ బటన్‌ని అర్థం చేసుకుని వాడాడు.

మిగిలిన సగం సరదా తన్మయి తీసేసింది.

అది ఆ మధ్య నాతో మాట్లాడటం తగ్గించింది. నేనున్న గదిలోకి వచ్చి, పుస్తకం తీసుకుని, అతిథి ఇంట్లోంచి వెళ్ళినట్టు వెళ్ళిపోయేది. ఒక సాయంత్రం వచ్చి నా మంచం ముందు నేలమీద కూర్చుంది.

"అమ్మా, నేను పబ్లిక్ పరీక్షలు రాయను."

"ఆయ్ అమ్మా, నీ ఇష్టం."

"చదువు మానేస్తాను."

"అలాగే తల్లీ."

"ఇంట్లోంచి వెళ్ళిపోతాను. మళ్ళీ రాను."

"ఆయ్ అమ్మా. కాఫీ తాగి వెళ్ళు" అన్నాను నవ్వుతూ.

అది నా మోకాళ్ళ మీద తలపెట్టి ఏడ్చింది. "ఒక్కసారి తిట్టవే. నీకు దణ్ణం పెడతాను, ఒక్కసారి నన్ను వద్దనవే" అంది. ముక్కు కారుతోంది. ఏడుపుకి పెదవులు వంకర్లు పోతున్నాయి. నేను దాన్ని చూశాను. నాకు ముందుగా కలిగింది జాలి కాదు. ఏడవడం కూడా సరిగ్గా రాదు దీనికి, ఆ ముక్కేమిటి, ఆ మొహమేమిటి అనుకున్నాను. చిట్టిబాబుని చూసి ఏం అనుకున్నానో నా కూతుర్ని చూసి కూడా అదే అనుకున్నాను.

భయమేసింది. ప్రమాదం తర్వాత నాకు అంత భయం ఎప్పుడూ వేయలేదు. దీని మీద ప్రేమ ఏమైందని లోపల వెతుక్కున్నాను. ఉంది, పోలేదు. సామాన్లు కుక్కిన బీరువాలో అట్టడుగున ఎక్కడో ఉంది. చెయ్యి పెడితే అందడం లేదు.

అదే సమయానికి గుమ్మంలోంచి అత్తయ్య, "చూడరా గోవర్ధన్, కూతుర్ని ఎంత ముద్దుగా కాఫీ తాగమంటుందో" అని మురిసిపోతూ బటన్ నొక్కింది.

ఆ నొక్కుడు దేన్ని పట్టుకుందో ఊహించుకోండి.

ముద్ర వేసే రోజు దగ్గరపడింది. అది పడితే ఈ నవ్వూ ఈ ఈసడింపూ రెండూ చచ్చేదాకా నాతోనే ఉంటాయి. పడకపోతే ఏమవుతుందో డాక్టరుగారు మా ఆయనతో నా తలమీదుగానే చెప్పారు, నేనొక బల్లనైనట్టు. "వల తీసేయాలండీ. చిగుళ్ళు సగం రాలిపోతాయి. మాట తడబడుతుంది. కాలూ చెయ్యీ కొంత వెనక్కి పోతాయి. అంత దూరం తీసుకొచ్చి అలా ఎవరు చేసుకుంటారు చెప్పండి."

నేను చేసుకుంటాను అని అరవాలని ఉంది. "ఆయ్ అండీ" అన్నాను.

ముద్రకి ముందు బయటినుంచి ఒక పరిశీలకురాలు వచ్చి, రోగి నోటితోనే ఒప్పుకోలు తీసుకోవాలట. అది నియమం. ఆవిడ అడుగుతుంది, నేను ఆయ్ అంటాను, పని అయిపోతుంది. నా నోట్లో కాదు అన్న మాట లేదు. ఉన్నవల్లా నలుగురూ మెచ్చిన మాటలే. అయితే ఆ మెచ్చిన మాటలతోనే ఏదైనా చేయాలి. ఏ మాట అంటే మా అత్తగారు ఎటు కదులుతుందో నాకు కొట్టినపిండి. మనిషి బలహీనత పసిగట్టడంలో నాకిప్పుడు జిల్లాలో సాటి ఎవరూ లేరు, వాళ్ళ దయవల్లే.

మధ్యాహ్నం భోజనాలయ్యాక, ఆవిడ పక్కనే ఉండగా, నేను చాలా వినయంగా, "అత్తయ్యా, ముద్ర అంటే నాకు కొత్త జన్మ కదండీ. మంచిరోజు చూసి వేయించండి" అన్నాను.

పూర్వపు వకుళ పంచాంగం చూడందే పెరుగన్నం కూడా తిననివాళ్ళని ఎగతాళి చేసేది. అత్తయ్యకి ఆ సంగతి గుర్తురాలేదు. ఆనందం పట్టలేక బటన్ వరసగా నొక్కి, గోడకి వేలాడే పంచాంగం దించింది. కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూసింది. డాక్టరుగారు పెట్టిన రోజు శుక్రమూఢంలో పడింది. మా ఇంట్లో మూఢంలో కొత్త చీపురు కూడా కొనరు.

"అమ్మో, మూఢంలో కొత్త జన్మేమిటే. అక్కడికే వెళ్ళి డాక్టరుగారితో చెప్పి రోజు మార్పిద్దాం" అంది ఆవిడ. నేను తల వంచుకుని నవ్వాను. వినయం అనుకుంది.

విశాఖపట్నంలో ముద్ర గది చల్లగా ఉంది. నా చేతికి సూది గుచ్చి సిద్ధంగా ఉంచారు. గొట్టం అవతలి కొసన ముద్ర మందు గాజుబుడ్డిలో తేనెరంగులో ఉంది. పరిశీలకురాలు ఒక మూల కుర్చీలో కూర్చుని ఫోన్ చూసుకుంటోంది. ఆవిడ మెళ్ళో పెద్ద గుర్తింపు కార్డు ఉంది గానీ మొహంలో ఆసక్తి అనేది ఎక్కడా లేదు. డాక్టర్ శేషశయనం కొత్త చొక్కా వేసుకున్నారు. వచ్చే వారం ఏదో సభలో నన్ను వేదిక మీద నిలబెట్టి చూపించబోతున్నారు.

అత్తయ్య ఇంకా కుంకుమ పొట్లం విప్పుకుంటూ గుమ్మం దగ్గరే ఉంది. ఈలోపల పరిశీలకురాలు ఫోన్ మీంచి తల ఎత్తకుండానే, "వకుళగారూ, ముద్ర వేయమంటారా?" అంది.

నా గొంతులో ఆయ్ పుట్టేసింది. పళ్ళ దాకా వచ్చేసింది. దాన్ని ఆపే శక్తి నాకు లేదు. కానీ దానితో పోటీపడగల మాట ఇంకొకటి ఉంది. నేను ఆవిడని అధికారిగా చూడటం మానేసి, మా ఇంటికొచ్చిన చుట్టంగా చూశాను. గుమ్మంలో చెప్పులు విడుస్తున్నట్టు, చేతిలో బత్తాయిల సంచీ ఉన్నట్టు ఊహించుకున్నాను.

"ఆ... కాఫీ తాగుతారా అండీ?" అంది నా నోరు.

డాక్టరు మురిసిపోయి, "చూసేరా, ఎంత మర్యాదో" అన్నారు. ఆపాటి వ్యవధి చాలింది. అత్తయ్య లోపలికి వచ్చేసింది.

"డాక్టరుగారూ, ఈవేళ వద్దండి. మూఢం. పోయాక వేద్దురుగాని."

"వాయిదా కుదరదండీ. ఇవాళ వేయకపోతే వల తీసేయడమే. అయినా సైన్సుకి మూఢమేమిటి పెద్దమ్మగారూ?"

"మరి మిషనుకి నిమ్మకాయలెట్టి కొబ్బరికాయ కొట్టింది మీరే కదండీ. దానికి బొట్టు కావలసొచ్చింది గానీ నా కోడలికి మంచిరోజు అక్కర్లేదా?"

మా ఆయన వాళ్ళమ్మ మొహమూ డాక్టరుగారి మొహమూ మార్చి మార్చి చూస్తూ, ఎటు గెలిస్తే అటు ఉండటానికి సిద్ధంగా నిలబడ్డారు. అత్తయ్య నా వైపు తిరిగింది.

"నువ్వే చెప్పవే వకుళా. ఈ మూఢంలో మనకీ ముద్ర వద్దని చెప్పు."

"ఆయ్ అత్తయ్యా" అన్నాను.

నా పని నెరవేరిందనుకున్నాను. కానీ డాక్టరుగారికి సభ పోతుంది. ఆయన నా మొహం మీదకి వంగి, తియ్యగా, "అమ్మా, పెద్దావిడ మాట అలా ఉంచండి. మీ మంచికే కదా, వేయించుకుంటారు కదూ?" అన్నారు.

"ఆయ్ అండీ."

రెండు మాటలూ ఒకే నవ్వుతో, ఒకే గొంతుతో వచ్చాయి. పరిశీలకురాలు మొదటిసారి ఫోన్ పక్కన పెట్టింది. లేచి నా ముందుకి వచ్చింది.

"మీ పేరు వకుళేనా?"

"ఆయ్ అండీ."

"మీ పేరు శేషశయనమా?"

"ఆయ్ అండీ."

మా ఆయన ఒక్కరే నవ్వారు. ఎవరూ కలవకపోయేసరికి మానేశారు.

"మీ కుడికాలు ఇప్పుడే కోసేయమంటారా?" అని అడిగిందావిడ నన్ను, నా కళ్ళలోకి చూస్తూ.

"అలాగేనండీ" అన్నాను నవ్వుతూ. ఆ నవ్వు మధ్యలో నా కళ్ళు మాత్రం కారిపోయాయి. కళ్ళకి ఎవరూ ఎప్పుడూ బటన్ నొక్కలేదు.

ఆరు నెలల్లో ఎందరు డాక్టర్లు, ఎందరు చుట్టాలు, ఎన్ని పరీక్షలు. కాదు అని జవాబు చెప్పవలసిన ప్రశ్న ఒక్కటి ఒక్కరూ నన్ను అడగలేదు. తమకి కావలసిన జవాబున్న ప్రశ్నలే అడిగారు, వచ్చిన జవాబుకి మురిసిపోయారు. ఈవిడైనా అడిగింది తెలివుండి కాదు, డాక్టరుగారి అత్యాశ మరీ మొహం మీద కొట్టినట్టుండబట్టి. ఎలా అయితేనేం, ఒప్పుకోలు చెల్లదంది. నా చేతి సూది తీసేయమంది. డాక్టర్ శేషశయనం గాజుబుడ్డి వైపు చూసిన చూపు, కన్నబిడ్డని ఎవరో ఎత్తుకుపోతున్నట్టు ఉంది. నా వైపు అలా ఎప్పుడూ చూడలేదు.

వల తీసేశాక అన్నీ ఆయన చెప్పినట్టే జరిగాయి. ఆయన చెప్పినవాటిలో అదొక్కటే నిజమైంది. కుడిచెయ్యి మళ్ళీ బరువెక్కింది. కర్ర లేకుండా నడవలేను. మాట ముక్కలు ముక్కలుగా వస్తుంది. చుట్టాలు రావడం మానేశారు, నొక్కడానికి ఏమీ లేనిచోట వాళ్ళకేం పని. మూఢం మాట ఎత్తి కోడలి బతుకు పాడుచేసిందని మా ఆయన వాళ్ళమ్మని సాధిస్తారు. ఆవిడ రాగిజావ కాచి తెస్తుంది. ఉప్పు ఇప్పటికీ ఎక్కువే.

మొన్న ఆదివారం పొద్దున్న ఆవిడ నాకు జావ పడుతుంటే తన్మయి బ్యాగు తగిలించుకుని వచ్చింది. గుమ్మంలోంచే, నా వైపు చూడకుండా, "ఉప్పాడ బీచికి వెళ్తున్నాం. ముగ్గురం స్కూటీ మీద. వెళ్తాను" అంది. అడగలేదు. అడగడం ఎప్పుడో మానేసింది.

నా నోట్లో ఆయ్ కదిలింది. ఇంకా ఉంది అది, పాత అద్దెకున్నవాడు ఖాళీ చేయనట్టు. కానీ అంత గట్టిగా లేదు. నేను పళ్ళు బిగించాను. పన్ను ఊడినచోట నాలుక పెట్టినట్టు ఆ ఎండిపోయిన చోటుని తడుముకున్నాను. చెమటలు పట్టాయి. పిల్ల అప్పటికే వీధి గుమ్మం దిగుతోంది.

"వ..." అన్నాను. "వ... ద్దు."

తన్మయి ఆగింది. "ఏంటి?"

"వద్దు. హెల్... హెల్మెట్. ముగ్గురు... వద్దు."

"అందరూ వెళ్తున్నారమ్మా. చెప్పేశాను కూడా వాళ్ళకి. వాళ్ళమ్మలు ఎవ్వరూ ఏమీ అనలేదు. నువ్వెప్పుడూ ఇంతే" అని గట్టిగా అరిచింది.

అరిచాక, తను అన్న మాట తనకే వినబడింది. బ్యాగు భుజం మీంచి జారిపోయింది. అక్కడే నిలబడి, "నువ్వెప్పుడూ ఇంతేనమ్మా" అంది మళ్ళీ, మెల్లిగా. వచ్చి నా ఒళ్ళో పడి ఏడ్చింది.

అత్తయ్య ఒక చేత్తో జావగ్లాసు పట్టుకుని అలాగే ఉండిపోయింది. ఆవిడ రెండో చేతి బొటనవేలు ఖాళీ గుప్పిట్లో ఒకసారి కదిలింది, ఏదో నొక్కినట్టు. ఆ డబ్బీ ఎప్పుడో విశాఖపట్నం తిరిగి వెళ్ళిపోయింది.

తన్మయి ముక్కు కారుతోంది. పెదవులు అవే వంకర్లు పోతున్నాయి. ఈసడింపు వస్తుందని కాచుకుని కూర్చున్నాను. వచ్చింది, రాకపోలేదు. కానీ ఈసారి ఆలస్యంగా వచ్చింది. అది వచ్చేసరికే నేను ఎడమచేత్తో దాని ముక్కు తుడుస్తున్నాను.